పథ్యము – హృదయరక్షణము

(కంకిపాటియందు జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో గావించిన యుపన్యాసము)



మన వార్షిక మహాసభలలో విద్యాభివృద్ధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు, వివాహములందలి వృథావ్యయమును గూర్చియు పెద్దలు ప్రసంగించుట పరిపాటి. ఈ యేడు కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము నేదేని యొక విషయమును గూర్చి మాటలాడుమని కోరినప్పుడు మేము హృద్రోగమును గోరుకొంటిమి. అందులోను మన పెరటి మొక్కలు, ఆకుకూరలు, ఫలములు ఆ రోగవిషయమున నేమి చేయగలవో, ఏమి చేయజాలవో చెప్పదలచితిమి. మేము వైద్యులము గాము. ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు శబ్దములును సమాసములును జెప్పి విశ్రాంతి గొన్నవారము. కావున వైద్యులును శాస్త్రజ్ఞులును బ్రకటించిన దానిని గ్రహించి, మనకందరకు దెలిసిన మాటలలో విన్నవించుటయే మా పని.

ఈ విషయమును గోరుటకు గారణము మన సంచికలోనే యున్నది. ప్రతి సంవత్సరమును మన ప్రత్యేక సంచిక చివర శ్రద్ధాంజలి పుటలు కొన్ని యుండును. పూర్వమా పుటలలో గానవచ్చు ముఖములు తల నెరసినవి. ఇప్పుడు మీసము నల్లగా నున్నవారి ఛాయాచిత్రములును అందు జేరుచున్నవి. మా యొద్ద అమరము వల్లించిన శిష్యులకు మేమే సంతాపవాక్యములు వ్రాయవలసి వచ్చుచున్నది. రాత్రి భోజనముచేసి పండుకొన్నవాడు తెల్లవారునప్పటికి లేడను వార్త మనకు క్రొత్త గాకపోయినది. దీనిని విధియని యూరకుండుట సులభము. కాని యిందు విధి పాలెంత, మన పాలెంత యని విచారించుట మన కర్తవ్యము.

ఇది మన యొక్క సంఘమునకే పట్టిన యవస్థ గాదు. మనకు పొరుగున గోదావరీ డెల్టాలో, తూర్పు పశ్చిమ గోదావరి జిల్లాలకు జెందిన 45 గ్రామములలో, 2003–2004 సంవత్సరములలో పండ్రెండు మాసములపాటు సంభవించిన మరణములకు గారణములను పరిశోధకులు విచారించిరి. విచారింపబడిన మరణములు 1,354. వానిలో నూటికి 32 గుండెకును రక్తనాళములకును సంబంధించిన వ్యాధులవలన గలిగినవి. అన్ని కారణములలో నదియే మొదటిది. గుండెజబ్బు పట్టణవాసులదనియు, ధనికులదనియు మనము తలచుచుంటిమి. మన పల్లెలవంటి పల్లెలలోనే, కాలువలక్రింద వరి పండించుకొను జనులలోనే, అది యమునికి పెద్ద పరిచారకమై యున్నదని యిందువలన దేలినది.

మరియొక విచారణ 52 దేశములలో జరిగి 2004లో వెల్లడియైనది. దానికి ఇంటర్‌హార్ట్ అని పేరు. మొదటిసారి గుండెపోటు వచ్చు వయస్సు ఇతర దేశములవారికి సగటున 59 సంవత్సరములకు దగ్గరగా నుండగా, మన దక్షిణాసియావారికి 53 అని యందు గనబడెను. ఈ 53 అను సంఖ్యను జూచినప్పుడెల్ల మాకు యల్లాప్రగడ సుబ్బారావుగారు జ్ఞప్తికి వత్తురు. 1895లో భీమవరమున జన్మించి, అమెరికాకు బోయి, కండరములకు శక్తినిచ్చు ఏటీపీ యను పదార్థమును 1929లో ఫిస్కెతో గూడి లోకమునకు దెలిపిన మహానుభావుడు 1948లో న్యూయార్కు నగరమున గుండెపోటువలననే గతించెను. అప్పటికి వారి వయస్సు 53. మనవారిలో మేధావులను, గృహస్థులను, సంపాదనపరులను పని నడిమి వయస్సులో నుండగనే యీ రోగము కొనిపోవుచున్నది.

ఇక రోగపు స్వరూపమును జూతము. రక్తనాళము నీటిగొట్టము వంటిదని సామాన్యముగ ననుకొందుము. గొట్టము నిర్జీవము, రక్తనాళము సజీవము. దానిని మన బందరు కాలువతో బోల్చుట యుక్తము. కాలువకు గట్టు గలదు. గట్టును గనిపెట్టియుండుటకు లస్కరు గలడు. ఎక్కడ గండిపడునో చూచుట, మట్టివేయించుట, తూడును గుర్రపుడెక్కను తీయించుట, వంతుప్రకారము తలుపులెత్తుట యాతని పని. రక్తనాళములకు లోపలివైపున ఒకే జీవకణపు మందముగల పలుచని పొర యొకటి యున్నది. దానికి ఎండోథీలియమని పేరు. ఆ పొరయే రక్తనాళపు లస్కరు.

ఈ పొర మహిమ చాలకాల మెవరికిని దెలియదు. 1980లో అమెరికా దేశపు శాస్త్రజ్ఞుడు ఫర్చ్‌గాట్ కుందేటి ధమనిముక్కలపై పరీక్షలు జేసి, లోపొర చెడక నిలిచిన ముక్క యొకానొక మందునకు సడలుచున్నదనియు, లోపొర రాచుకొనిపోయిన ముక్క సడలుటలేదనియు బ్రకటించెను. ఆ పొరనుండి పుట్టు నైట్రిక్ ఆక్సైడు అను వాయువే నాళమును సడలించుచున్నదని పిమ్మట దేలినది. ఇందుకు సంబంధించిన పరిశోధనలకై ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాడ్ అను మువ్వురకు 1998లో నోబెల్ బహుమాన మీయబడెను. ఈ వాయువు నాళమును విప్పార్చును; రక్తపు పోటును దగ్గించును; రక్తము వృథాగ గడ్డకట్టకుండ జూచును; తెల్లకణములు నాళపు గోడకు అంటుకొనకుండ గాచును. అది తగ్గిననాడు గట్టునకు కావలివాడు లేనట్లే.

దీనిని తగ్గించు శత్రువు లెవ్వరు? పొగాకు, అధికమైన రక్తపు పోటు, మధుమేహము, రక్తములో మిక్కుటమగు చెడు కొలెస్టరాలు. ఇవి యన్నియు చేయుపనిలో నొక సామాన్యాంశము గలదు. శరీరములో నిరంతరము కొన్ని యుద్రేకపు అణువులు పుట్టుచుండును. వానిని ఫ్రీ రాడికల్సు అందురు. ప్రాణవాయువుతో మనము జీవించుచున్నంతకాలము అవి పుట్టక మానవు. కొంతవరకు వానితో శరీరమునకు బనియు గలదు. మితిమీరినప్పుడు మాత్రము అవి నైట్రిక్ ఆక్సైడును పుట్టినచోటనే హరించును. చెడు కొలెస్టరాలును ఆమ్లజనితో గలిపి మరింత చెడుగా మార్చును. అట్లు చెడినదానిని తెల్లకణములు మ్రింగి, నాళపు గోడలో నురుగు కణములై నిలిచిపోవును. కాలక్రమమున నచట పూడిక పెరుగును. ఒకనాడు ఆ పూడికపై పొర చిట్లి, అక్కడ రక్తము గడ్డకట్టి, గుండెకు బోవు ధార నిలిచిపోవును. అదియే గుండెపోటు.

ఆమ్లజని చేయు చెరుపు మన కన్నుల యెదుట నిత్యము జరుగుచున్నదే. నాగటికర్రు తడిసిన తుప్పుపట్టును. కోసిన అరటికాయ ముక్కలు గాలి తగిలిన నల్లబడును. అందుచేతనే మన యిల్లాండ్రు వానిని మజ్జిగనీళ్లలో వేయుదురు. నిమ్మరసము పిండిన ముక్క త్వరగ నల్లబడదు. నిమ్మరసములోని పులుపును, విటమిను సి యును ఆ చెరుపు నాపును. ఇట్టి నిరోధక పదార్థములకే యాంటీ ఆక్సిడెంటులని పేరు. చెట్టు కదలలేదు, ఎండలో నిలిచి యుండును, కావున నెండవలన గలుగు చెరుపునుండి తన్ను గాచుకొనుటకు రంగులను, వగరును, చేదును తనలో దాచుకొనును. ఉసిరిలోని వగరు, నేరేడులోని నలుపు, పసుపులోని పచ్చదనము, టమాటాలోని యెరుపు ఈ జాతివే.

చెడిన లోపొర మరల బాగగునా యను ప్రశ్న యుండనే యున్నది. బాగగును. ఒక కణము రాలినచోట పొరుగు కణములు విభజన జెంది యా స్థలమును నింపును. 1997లో అసహార మొదలగు పరిశోధకులు, రక్తములో సంచరించు కొన్ని మూలకణములుకూడ ఈ మరమ్మతునకు దోడ్పడునని ప్రకటించిరి. అట్టి కణములలో ననేకము తాము స్వయముగ గోడలో నిలువక, మరమ్మతును ప్రేరేపించు ద్రవ్యములను మాత్రము విడుచునని తరువాతి పరిశోధనలు సూచించినవి. ఎట్లయినను, ప్రకృతి యీ శరీరమును బాగుచేసికొను శక్తితోనే పుట్టించినది. పొగత్రాగుట మానినవారికిని, నిత్యము నడచువారికిని, పోటును చక్కెరను అదుపులో నుంచుకొన్నవారికిని ఈ లోపొర పనితనము మెరుగగును. అనగా మనము జేయవలసినది క్రొత్తగ నాళమును గట్టుట గాదు. బాగుచేయు లస్కరునకు అడ్డు తొలగి, కావలసిన సామగ్రి యందించుటయే.

ఇంతవరకు వినినవారికి వెంటనే యొక యాలోచన తోచును. యాంటీ ఆక్సిడెంటులే కావలసినవైనచో, వానిని చెట్టునుండి తీసి గొట్టములలో నింపి మ్రింగిన జాలదా? ఈ యాలోచన మనకు మాత్రమే గాదు, పాశ్చాత్య పండితులకును దోచినది. వారు దానిని పరీక్షించిరి. ఫలితములను మనము శ్రద్ధగ వినవలెను. ఏలనగా మన ధనమును ప్రాణమును రెండును ఇందుతో ముడివడి యున్నవి.

ఫిన్లండు దేశమున పొగత్రాగు పురుషులు 29,133 మందిపై బీటా కెరోటీను, విటమిను ఇ మాత్రలను పరీక్షించి 1994లో ఫలితమును బ్రకటించిరి. బీటా కెరోటీను తినినవారిలో ఊపిరితిత్తుల పుట్టకురుపు తగ్గకపోగా నూటికి 18 వంతున హెచ్చెను. బ్రిటను దేశమున గుండెజబ్బు, మధుమేహము మొదలగు నపాయములు గల 20,536 మందిపై జరిగిన పరీక్షాఫలితము 2002లో వెలువడెను. అందు సగము మందికి ఐదేండ్లపాటు ప్రతిదినము విటమిను ఇ 600 మిల్లీగ్రాములు, విటమిను సి 250 మిల్లీగ్రాములు, బీటా కెరోటీను 20 మిల్లీగ్రాములు ఇచ్చిరి. వారి రక్తములో విటమినులు హెచ్చినవి; గుండెపోటులు మాత్రము తగ్గలేదు. ఆ పరీక్షలోనే, ఆ జనులలోనే, స్టాటిన్ జాతికి జెందిన సింవాస్టాటిన్ మాత్ర వాడిన సగము మందిలో గుండెపోటు, పక్షవాతము మొదలగునవి దాదాపు నాలుగవవంతు తగ్గినవి. ఒకే తక్కెడలో రెంటిని దూచినట్లయినది.

సుబ్బారావుగారి పేరుతో మనకు ప్రియమైన ఫోలిక్ ఆమ్లము కథయు నిట్టిదే. ఆకు అను నర్థముగల లాటిను శబ్దమునుండి 1941లో దానికా పేరు వచ్చినది. పాలకూర ఆకులనుండి దానిని దీసిరి. దాని కృత్రిమ నిర్మాణమునకు సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లే పరిశోధనశాల ప్రసిద్ధికెక్కినది. రక్తహీనతకును, గర్భిణీస్త్రీల శిశురక్షణకును అది అమృతతుల్యము. రక్తములో హోమోసిస్టీను అను పదార్థము హెచ్చినచో గుండెకు జెరుపని తలచి, దానిని దగ్గించుటకు ఫోలిక్ ఆమ్లమును బి విటమినులను 5,522 మందిపై పరీక్షించి 2006లో ఫలితమును బ్రకటించిరి. హోమోసిస్టీను తగ్గినది, హృద్రోగ మరణములు తగ్గలేదు. ఒక మందు ఒక రోగమునకు మంచిదైనంతమాత్రమున వేరొక రోగమునకు మంచిది కానేరదని యిందువలన గ్రహింపవలెను.

అట్లయిన ఆకుకూరలును ఫలములును వృథాయా? కానేకావు. పైన జెప్పిన ఇంటర్‌హార్ట్ విచారణలోనే, ప్రతిదినము కూరగాయలు ఫలములు తినువారికి గుండెపోటు తక్కువగ వచ్చుట కనబడెను. దక్షిణాసియాలో అట్లు నిత్యము తినువారు నూటికి 27 మందికి మించలేదు. ఇతర దేశములలో 45 మంది గలరు. స్పెయిను దేశమున 7,447 మందిపై జరిగి 2013లో ప్రకటింపబడి, లోపములను సవరించి 2018లో మరల ప్రకటింపబడిన పరీక్షలో, ఓలివు నూనెగాని బాదము మొదలగు పప్పులుగాని చేర్చి కూరగాయలు హెచ్చుగ దిను భోజనపద్ధతివలన గుండెపోటు, పక్షవాతము, హృద్రోగ మరణములు కలిసి నూటికి సుమారు 30 వంతులు తగ్గినవి. మాత్రలో లేని మేలు పళ్లెములో నున్నది.

కారణము దురూహ్యము గాదు. ఆకులో విటమిను ఒక్కటే లేదు. రక్తపు పోటును దగ్గించు పొటాసియము గలదు. కొలెస్టరాలును బయటికి గొనిపోవు పీచు గలదు. తోటకూర, పాలకూర వంటి యాకులలో నైట్రేటు గలదు; మన నోటిలోని సూక్ష్మజీవులు దానిని మార్చగా, శరీరములో నదియే నైట్రిక్ ఆక్సైడగును. అనగా లస్కరు చేతిలోని పనిముట్టు ఆకుకూరనుండియే వచ్చుచున్నది. అంతకు మించి, పళ్లెములో కూర హెచ్చినచోట అన్నము, వేపుడు, ఊరగాయ తమంత దామే తగ్గును. ఒక్క విటమినును వేరుచేసి మ్రింగుట, శ్లోకములోనుండి యొక పదమును దీసి దానినే వేయిసారులు వల్లించుటవంటిది. పదము దోషము లేనిదే, కాని యన్వయము కుదరదు.

ఇచ్చట మన వైద్యశాస్త్రమును గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. హృద్రోగమను పేరు మన ప్రాచీనులకు సుపరిచితము. వాతజము, పిత్తజము, కఫజము, సన్నిపాతజము, క్రిమిజమని యైదు విధములుగ దానిని వర్ణించిరి. హృద్రోగమున తెల్లమద్ది పట్టను పాలతో గాచి యిచ్చు విధి పదునొకండవ శతాబ్దివాడగు చక్రపాణిదత్తుని గ్రంథమున గలదు. తెల్లమద్దియే అర్జునము. అమరకోశమున దీనికి నదీసర్జమను పర్యాయపదము గలదు. మన తెలుగువారు ఏరుమద్ది యన్నదియు నట్టిదే. రెండుపేర్లును ఏటియొడ్డున బెరుగు స్వభావమును జెప్పుచున్నవి.

ఈ చెట్టును నేటి పద్ధతులతో మన దేశపు వైద్యులే పరీక్షించిరి. స్థిరమగు గుండెనొప్పి గల 58 మంది పురుషులపై మద్దిపట్ట సారమును పరీక్షించి 2002లో మంచి ఫలితమును బ్రకటించిరి. పొగత్రాగు యువకులు 18 మందికి రెండువారములు దానినిచ్చి, వారి రక్తనాళపు లోపొర పనితనము మెరుగైనదని 2004లో ప్రకటించిరి. మనము చెప్పుకొనుచున్న లస్కరు విషయమిదియే గావున ఇది యానందకరమైన వార్త. కాని హృదయ దౌర్బల్యముగల 100 మందిపై మూడు మాసములు జరిగి 2016లో వెలువడిన పరీక్షలో, గుండె రక్తమును జిమ్ము శక్తి దానివలన బెరుగలేదు. పరీక్షలు చిన్నవి, కాలము స్వల్పము. కావున మద్దిపట్టయందు గుణము లేదనుట సాహసము. స్టాటిను, రక్తపు పోటు మాత్రలు మాని దానిని మ్రింగుట యంతకంటె సాహసము.

మేమీ మాటను గట్టిగ జెప్పుటకు గారణము గలదు. మన సంఘీయులలోనే కొందరు, గుండెలో స్టెంటు వేయించుకొన్న పిమ్మట, ఆరునెలలు మాత్రలు వాడి, ఒంటిలో నలత లేదని వానిని మానివేసి, ఎవరో యమ్మిన చూర్ణమును నమ్ముకొనుచున్నారు. స్టెంటు వేసిన నాళమున రక్తము గడ్డకట్టకుండ కాపాడునది ఆ మాత్రయే. వైద్యుడు చెప్పక మానినచో పెద్ద యపాయము. నలత లేకపోవుట మాత్ర పనిచేయుచున్నదనుటకు గుర్తు, అక్కరలేదనుటకు గుర్తుగాదు. ఆయుర్వేదమును గౌరవించువారు మద్దిపట్టను వాడదలచినచో, ఆయుర్వేద వైద్యునకును గుండె వైద్యునకును ఇరువురకును జెప్పి వాడవలెను. ఒకరికి దెలియకుండ నొకరి మందు మ్రింగుట యేశాస్త్రమునకును సమ్మతము గాదు.

సంస్కృతమున పథ్యమను మాట గలదు. దానిని మనము రోగికి బెట్టు చారన్నముగ దిగజార్చితిమి. పథము అనగా దారి. దారినుండి తొలగనిది పథ్యము. చరకుడు పథ్యమును నిర్వచించినప్పుడు చెప్పిన పథములను శరీరములోని స్రోతోమార్గములని వ్యాఖ్యాతలు వివరించిరి. రక్తనాళములకంటె ప్రధానమైన స్రోతస్సు లెవ్వి? రోగము వచ్చిన పిమ్మట దినునది గాదు పథ్యము. దారి చెడకుండ దినదినమును దినునది.

మరి కంకిపాటి పరిసరములలో నుండు మనకు ఆ పథ్యము దొరకదా? ఓలివు నూనెకై స్పెయిను పోనక్కరలేదు. వరికోతల పిమ్మట మన చేలలోనే మినుములు పెసలు పండును. పెరటిలో మునగ, కరివేపాకు, అరటి, జామ యుండును. మార్గశిర పుష్యములలో ఉసిరి వచ్చును. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థవారి 2017 సంవత్సరపు పట్టికలో 100 గ్రాముల యుసిరిలో 252 మిల్లీగ్రాముల విటమిను సి గలదని యున్నది. జామలో 200 మిల్లీగ్రాములకు పైగా గలదు. దూరదేశపు ఆపిలుకంటె మన జామ యిందు బహుగుణాధికము. ఏటి యావలి దుగ్గిరాల పసుపు లేని వంటయిల్లు మనకు లేదు. పసుపులోని కర్కుమిను ఒంటికి బట్టుట స్వల్పము. మిరియములలోని పైపరీను తోడైనచో రక్తములో నది యనేకరెట్లు హెచ్చునని 1998లో బెంగుళూరి పరిశోధకులు చూపిరి. పసుపు, మిరియము చేర్చిన మన చారు తెలివితక్కువవారు కల్పించినది గాదు. అయినను అది భోజనము. గుండెకు మందని యెవరేని జెప్పిన నమ్మవలదు.

ఆ సంస్థవారే 2024లో ప్రకటించిన భోజన సూత్రములలో, ఒక్కొక్కరికి దినమునకు ఆకుకూరలతో గూడ 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల ఫలములు చెప్పిరి. ధాన్యమునకు 250 గ్రాములే చెప్పిరి. మన పళ్లెము దీనికి దలక్రిందుగ నున్నది. గుట్టగ నన్నము, చెంచాడు కూర, దానికి సాయము ఆవకాయ. ఉప్పు దినమునకు 5 గ్రాములు మించరాదు. ఊరగాయ, అప్పడము, వడియము కలిసిన భోజనమున నది యెప్పుడో దాటిపోవును. ఆవకాయను బహిష్కరింపుమని చెప్పిన మమ్మీ సభనుండి బహిష్కరింతురు. కావున దానిని నంజుడుగ నుంచుకొని, కూరగ దినవలదని మాత్రము మనవి చేయుచున్నాము.

కొన్ని జాగ్రత్తలును జెప్పవలెను. మూత్రపిండముల వ్యాధి గలవారికి పొటాసియము హెచ్చగు ఫలములు, కొబ్బరినీళ్లు హానిచేయగలవు. రక్తము పలుచబడుటకు వార్ఫరిను వాడువారు ఆకుకూరలను ఒకనాడు మితిమీరియు నొకనాడు పూర్తిగ మానియు తినరాదు. మధుమేహము గలవారు ఫలరసము మాని, ఫలమును గొరికి తినవలెను, అదియు మితముగ. ఇట్టివారు తమ వైద్యుని నడిగి నడచుకొనవలెను.

పొగాకు విషయము వేరుగ జెప్పుచున్నాము. చుట్టయైనను, బీడీయైనను, సిగరెట్టయినను, దాని పొగ లోపొరకు నేరుగ దగులు దెబ్బ. ఒకచేత సిగరెట్టు, ఒకచేత ఉసిరిరసము పట్టుట, గట్టును త్రవ్వుచు మట్టివేయుటవంటిది. మన పెండ్లిపందిళ్లలో పొగత్రాగుటను మర్యాదగ వారించు ధైర్యము పెద్దలకు గలుగవలెను.

గుండెపోటు వచ్చిన క్షణమున మాత్రము ఆకుతోను, చూర్ణముతోను బని లేదు. రొమ్ములో బరువు, ఎడమచేతికిగాని దవడకుగాని ప్రాకు నొప్పి, చెమట, ఆయాసము గనబడినంతనే వాయువని సోడా త్రాగి కూర్చుండరాదు. 2005నుండి మనకు 108 వాహనము గలదు. ప్రతి నిమిషమునకును గుండె కండరము కొంత నశించుచుండును. విజయవాడ మనకు దూరము గాదు. దూరమైనది మన నిర్ణయమే.

ఇక సంఘమునకు నాలుగు మనవులు. మొదటిది: ప్రతి వార్షిక మహాసభలోను భోజనశాల ప్రక్కన నొక బల్లవేసి, ముప్పది దాటిన ప్రతివారికిని రక్తపు పోటు, చక్కెర పరీక్ష చేయింపవలెను. మనలో వైద్యులైన యువకులు గలరు, వారికిది సమాజసేవ. రెండవది: మన విందులలో ఒక ఆకుకూర, ఒక పచ్చికూరముక్కల పళ్లెము, ఒక ఫలము తప్పక యుండవలెను, కాగిన నూనెనే మరల మరల గాచి వేపుట వంటవారికి నిషేధింపవలెను. మాటిమాటికి గాగిన నూనె యెంత చెడునో పైన జెప్పిన దానినుండి తెలిసికొనవచ్చును. మూడవది: విద్యార్థి వసతిగృహపు ఆవరణలో జామ, ఉసిరి, మునగ, కరివేప నాటింపవలెను. పోషకులు తమ పెద్దల పేర ఒక్కొక్క చెట్టు నాటించినచో, శ్రద్ధాంజలి పుటకంటె నది చిరకాలము నిలుచును. నాలుగవది: సర్వరోగములను మాన్పునని చెప్పుకొను చూర్ణముల ప్రకటనలను మన సంచికలో స్వీకరింపరాదు. వానివలన వచ్చు సొమ్ము సంచిక ముద్రణకు సాయమే. కాని యొక సంఘీయుడు దానిని నమ్మి మాత్ర మానినచో, తరువాతి సంచికలో నతని చిత్రము ఏ పుటయందు జేరునో చెప్పనక్కరలేదు.

మహాజనులారా! ప్రకృతి మనకు బాగుచేసికొను శరీరము నిచ్చినది. కృష్ణవేణి పండించు నేల నిచ్చినది. శాస్త్రము మందు నిచ్చినది. మూటిలో నేదియు రెండవదానికి బదులు గాదు. పళ్లెమున పథ్యము, వేళకు మందు, దినమునకు గొంత నడక, పొగాకునకు నమస్కారము — ఇంతయే మేము జెప్పవచ్చినది. వచ్చు మహాసభకు ఇచ్చట నున్నవారందరును, మీతోగూడ మేమును, ఇదే పందిటిక్రింద గలిసికొందుము గాక! ఎల్లరకు ఆయురారోగ్యములు గలుగు గాక!

స్వస్తి.